ఇంట్లో కట్టిన విమానం సరిగ్గా ఎగరకపోతే



పూర్తిగా ఆగిపోయిన యంత్రాన్ని బాగుచేయడం అంత కష్టం కాదు. తెగిన తీగ కంటికి కనిపిస్తుంది, విరిగిన పళ్లచక్రం చేతికి తగులుతుంది. పనిచేస్తూనే సరిగ్గా పనిచేయని యంత్రంతోనే అసలు చిక్కు. ఏ భాగం చూసినా బాగానే ఉంటుంది, ఫలితం మాత్రం రాదు. ఇలాంటప్పుడు లోపాన్ని ఎలా వెతకాలి? ఈ ప్రశ్నకు సమాధానాన్ని ఈనాటి ప్రసంగంలో ఒక ప్రత్యేకమైన యంత్రం ద్వారా తెలుసుకుందాం. ఆ యంత్రం ఇంట్లో కట్టుకున్న చిన్న విమానం.

ఇంట్లో విమానం కట్టడమేమిటి అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఎంతోమంది తమ గ్యారేజీలలో ఒకరిద్దరు కూర్చునే విమానాలను సొంతంగా కట్టుకుంటారు. కొందరు నమూనా చిత్రాలు కొనుక్కుని కలప, గుడ్డ, అల్యూమినియం రేకులతో మొదటినుంచీ కడతారు. మరికొందరు విడిభాగాల పెట్టె తెప్పించుకుని బిగిస్తారు. ఇలాంటి వారి కోసం అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1953లో ఒక సంఘమే ఏర్పడింది. దాని పేరు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. మన దేశంలో మాత్రం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతి లేకుండా ఇలాంటి విమానాన్ని ఎగరేయడానికి వీల్లేదు.

ఇప్పుడు సమస్యకు వద్దాం. ఒకాయన కొన్నేళ్లు శ్రమపడి విమానం కట్టాడనుకోండి. నిమిషానికి 800 అడుగుల చొప్పున పైకెక్కుతుందని నమూనా చిత్రం చెబుతోంది. తీరా ఎగరేస్తే 400 అడుగులకు మించి ఎక్కడం లేదు. ఇంజన్ బాగానే మోగుతోంది, రెక్కలు గట్టిగానే ఉన్నాయి. అతనికి తోచే మొదటి ఆలోచన ఏమిటో ఊహించగలరా? ఇంకా పెద్ద ఇంజన్ పెడదామని. ఆ ఆలోచన ఎందుకు తొందరపాటో తెలియాలంటే, ఇంట్లో విమానం కట్టిన మొట్టమొదటివారి దగ్గరకు వెళ్లాలి.

రైట్ సోదరుల పేరు వినని వారుండరు. అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిళ్ల దుకాణం నడుపుకునే విల్బర్, ఆర్విల్ 1903 డిసెంబరు 17న మొదటిసారి ఇంజన్ విమానంలో ఎగిరారని పాఠ్యపుస్తకాలలో చదివారు. అంతకు రెండేళ్ల ముందు వారికెదురైన పరాజయం గురించి మాత్రం పుస్తకాలు అంతగా చెప్పవు. ఈనాటి మన పాఠం అక్కడే ఉంది.

1901 వేసవిలో వారు ఇంజన్ లేని గ్లైడరు ఒకటి కట్టి నార్త్ కరోలినా సముద్రతీరంలోని ఇసుక దిబ్బల దగ్గరకు తీసుకుపోయారు. దాని రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 22 అడుగులు, వెడల్పు 7 అడుగులు, మొత్తం వైశాల్యం 290 చదరపు అడుగులు. అప్పటికి మనిషి ఎగరేసిన గ్లైడర్లలో అదే పెద్దది. జర్మనీకి చెందిన ఒట్టో లిలియంతాల్ తయారుచేసిన పట్టికల ఆధారంగా వారు లెక్కలు వేశారు. లిలియంతాల్ సామాన్యుడు కాడు. సుమారు రెండు వేలసార్లు గ్లైడరుపై ఎగిరి, 1896 ఆగస్టులో గ్లైడరు కూలి ప్రాణం పోగొట్టుకున్న మహానుభావుడు. ఆయన పట్టికలను కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

కానీ గ్లైడరు ఆ పట్టికల మాట వినలేదు. రెక్కను పైకెత్తే బలాన్ని లిఫ్ట్ అంటాం. లెక్క ప్రకారం రావలసిన లిఫ్టులో దాదాపు మూడో వంతు మాత్రమే వచ్చింది. రెక్క వంపు ఎక్కువైందేమోనని దాన్ని అక్కడికక్కడే తగ్గించి కట్టారు. అదుపు కొంత మెరుగుపడింది గానీ లిఫ్ట్ పెరగలేదు. ఆ ఆగస్టులో తిరిగి ఇంటికి బయలుదేరేటప్పుడు విల్బర్ ఎంతో నిరుత్సాహపడ్డాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వారి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ప్రయత్నం మానుకోవడం. రెండు, ఇంకా పెద్ద రెక్కలు కట్టి చూడడం. మూడు, లెక్కకూ ఫలితానికీ మధ్య తేడా ఎక్కడ పుట్టిందో వెతకడం. వారు మూడో దారి పట్టారు.

ఆనాడు వారు వాడిన సూత్రం చాలా సులభమైనది. లిఫ్ట్ నాలుగు రాశుల లబ్ధం. ఒకటి గాలి పీడనానికి సంబంధించిన స్థిరాంకం, రెండు రెక్క వైశాల్యం, మూడు వేగం యొక్క వర్గం, నాలుగు రెక్క ఆకారాన్నీ గాలికి అది చేసే కోణాన్నీ బట్టి మారే గుణకం. ఫలితం తప్పిందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి, లేదా ఒకటికి మించి తప్పై ఉండాలి. వైశాల్యాన్ని టేపుతో కొలవవచ్చు, గాలి వేగాన్ని పరికరంతో కొలవవచ్చు. ఆ రెండూ సరిగానే ఉన్నాయి. అనుమానం మిగిలిన రెండింటి మీదకు మళ్లింది. ఆ రెండూ వారు సొంతంగా కొలిచినవి కావు, పుస్తకాల నుంచి తీసుకున్నవి!

మొదట స్థిరాంకాన్ని చూద్దాం. 1759లో గాలిమరలపై పరిశోధనా పత్రం సమర్పించిన ఇంగ్లీషు ఇంజనీరు జాన్ స్మీటన్ పేరుతో అది ప్రచారంలో ఉంది. చాలామంది దాని విలువ 0.005 అని వాడుతూ వచ్చారు. రైట్ సోదరులు తమ గ్లైడరును గాలిపటంలా తాడుతో ఎగరేసి, ఆ లాగుడును స్ప్రింగు త్రాసుతో కొలిచి ఉన్నారు. ఆ కొలతల నుంచి లెక్కకడితే విలువ 0.0033 దగ్గర తేలింది. అంటే వాడుకలో ఉన్న అంకె సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ!

తప్పు దొరికింది కదా, ఇక పని అయిపోయిందా? లేదు. ఇక్కడే వారి నిజాయితీ కనిపిస్తుంది. స్థిరాంకాన్ని సవరిస్తే రావలసిన లిఫ్టు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. కానీ వాస్తవంగా వచ్చింది మూడింట ఒక వంతే. ఇంకా సగం తేడాకు సంజాయిషీ లేదు. కాబట్టి రెండో కారణం కూడా ఉండి తీరాలి.

దానికోసం మొదట సైకిలు ముందు భాగంలో ఒక చక్రాన్ని అడ్డంగా, స్వేచ్ఛగా తిరిగేలా అమర్చారు. దాని అంచున ఒక బల్లపరుపు రేకును, ఒక వంపు రేకును బిగించి సైకిలును వేగంగా తొక్కారు. పట్టిక నిజమైతే రెండు రేకుల బలాలూ సమతూకంలో నిలవాలి. నిలవలేదు. అయితే బయటి గాలి నిలకడగా ఉండదు గనుక ఈ ప్రయోగాన్ని పూర్తిగా నమ్మలేం. అందుచేత తమ దుకాణంలోనే చెక్కపెట్టెతో వాయు సొరంగం కట్టారు. పొడవు 6 అడుగులు, లోపలి కొలత 16 అంగుళాల చదరం. ఒక చివర ఫ్యాను. లోపల బలాలు కొలిచే త్రాసును లోహం కోసే రంపపు బ్లేడు ముక్కలతోనూ సైకిలు చువ్వలతోనూ చేశారు. 1901 చివరి నెలల్లో ఆ పెట్టెలో దాదాపు 200 రకాల చిన్న రెక్కల నమూనాలను పరీక్షించారు.

రెండో కారణం అక్కడ బయటపడింది. లిలియంతాల్ పట్టిక ఆయన రెక్కకు దాదాపు సరైనదే. కానీ ఆయన రెక్క ఆకారం వేరు, రైట్ సోదరుల రెక్క ఆకారం వేరు. ఆయన రెక్క సన్నగా పొడవుగా ఉండేది, వీరిది కురచగా వెడల్పుగా ఉంది. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ అని మీకు తెలుసు. రెక్క కొసల దగ్గర కింది గాలి చుట్టు తిరిగి పైకి జారిపోతుంది. రెక్క కురచైతే ఈ నష్టం పాలు పెరుగుతుంది. వంపు ఎత్తు, అది రెక్కలో ఏ చోట ఉందన్నదీ ఫలితాన్ని మారుస్తాయి. ఒక రెక్క కోసం రాసిన పట్టికను మరో ఆకారపు రెక్కకు వాడడమే పొరపాటు. పట్టికలో తప్పు లేదు, దాన్ని వాడిన చోటులో ఉంది తప్పు.

1902 గ్లైడరు కొలతలు చూడండి. పొడవు 32 అడుగులు, వెడల్పు 5 అడుగులు, వైశాల్యం 305 చదరపు అడుగులు. వైశాల్యం పెరిగింది 15 చదరపు అడుగులే! అయినా ఈ గ్లైడరు లెక్క ప్రకారమే ఎగిరింది. ఒక గ్లైడింగులో 26 సెకన్లపాటు నిలిచి 622 అడుగులకు పైగా దూరం సాగింది. ఇంకా పెద్ద రెక్క కడదామనే దారిలో పోయి ఉంటే ఈ ఫలితం వచ్చేదా?

అలాగని 1902లో అంతా సుఖంగా సాగిపోలేదు. గ్లైడరుకు కొత్తగా వెనుక నిలువు తోక అమర్చారు. మలుపు తిరగబోయినప్పుడు అది ఒక్కోసారి పక్కకు జారి, కిందనున్న రెక్క కొసతో ఇసుకలో గుంట చేసేది. దాన్ని వారు సరదాగా బావి తవ్వడం అనేవారు. అలా పక్కకు జారినప్పుడు కదలని తోకకు పక్కనుంచి గాలి తగిలి, విమానం ముక్కు కిందనున్న రెక్క వైపుకు తిరగడమే కారణం. కదలని తోకను కదిలే చుక్కానిగా మార్చుదామని ఆర్విల్ అన్నాడు. దాన్ని రెక్కలు మెలితిప్పే తీగలకే కలుపుదామని విల్బర్ అన్నాడు. ఒక లోపాన్ని సరిచేయడానికి పెట్టిన భాగమే మరో లోపానికి కారణం కావచ్చని దీన్నిబట్టి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన కాలపు గ్యారేజీకి తిరిగి వద్దాం. విమానం 800 అడుగులకు బదులు 400 అడుగులే ఎక్కుతోంది. రైట్ సోదరుల పద్ధతినే అనుసరించి వరుసగా ప్రశ్నలు వేద్దాం.

మొదటి ప్రశ్న: లోపం నిజంగా ఉందా, లేక కొలిచే పరికరం అబద్ధం చెబుతోందా? విమానంలో వేగమాపకం రెండు పీడనాల తేడాను కొలుస్తుంది. ఒకటి ఎదురుగాలి గొట్టంలో పీడనం, రెండోది పక్కనున్న చిన్న రంధ్రం దగ్గరి నిశ్చల పీడనం. ఆ రంధ్రాన్ని గాలి వేగంగా జారే చోట పెడితే అక్కడ పీడనం తక్కువగా ఉండి, మాపకం వేగాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. పైలట్ సరైన వేగంలోనే ఎక్కుతున్నాననుకుని అంతకన్నా తక్కువ వేగంలో ఎక్కుతుంటాడు. అది పనితీరుకే కాదు, ప్రాణానికీ ముప్పు. అందువల్ల ఒకే వేగంతో నాలుగు దిక్కులకూ ఎగిరి, జీపీఎస్ చూపే వేగాల సగటు కట్టి, గాలి సాంద్రతకు తగిన సవరణతో పోల్చి చూస్తారు. ఇంజన్ చుట్ల మాపకాన్నీ ఇలాగే వేరే పరికరంతో సరిచూడాలి.

రెండో ప్రశ్న: బరువు ఎంత? మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి తూచాలి. అదనపు రంగు పూత, మెత్తటి సీట్లు, బలం కోసమని వేసిన మందపాటి రేకు, ఇవన్నీ కలిస్తే నమూనాలో రాసిన బరువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఆ మూడు తూకాల నుంచే గురుత్వ కేంద్రం కూడా తెలుస్తుంది. అది మరీ ముందుకుంటే తోక కిందికి ఎక్కువగా నొక్కాలి, ఆ భారాన్ని కూడా రెక్కే మోయాలి. మరీ వెనక్కు పోతే విమానం నిలకడ తప్పుతుంది. మొదటిది ఖర్చు, రెండోది ప్రమాదం. పెద్ద ఇంజన్ పెడదామన్న మన మిత్రుని ఆలోచన గుర్తుందా? విమానం ముందు భాగంలో ఇంజన్ ఉన్నప్పుడు అది బరువునూ పెంచుతుంది, గురుత్వ కేంద్రాన్నీ ముందుకు లాగుతుంది.

మూడో ప్రశ్న: ఆ రోజు గాలి ఎలా ఉంది? దీన్ని ఒక లెక్కతో చూద్దాం. అంకెలు మన ఉదాహరణ కోసం అనుకున్నవి. విమానం బరువు 450 కిలోలు, ఇంజన్ శక్తి 60 కిలోవాట్లు, ప్రొపెల్లర్ సామర్థ్యం 75 శాతం. అంటే ఉపయోగపడే శక్తి 45 కిలోవాట్లు. ఎక్కే వేగంలో విమానాన్ని సమాంతరంగా నడపడానికే 27 కిలోవాట్లు కావాలనుకుందాం. మిగిలింది 18 కిలోవాట్లు. ఈ మిగులే విమానాన్ని పైకెక్కిస్తుంది. 18,000 వాట్లను 450 కిలోల భారంతో, అంటే 4,410 న్యూటన్లతో భాగిస్తే సెకనుకు 4 మీటర్లు, నిమిషానికి సుమారు 800 అడుగులు వస్తుంది. నమూనా చెప్పినదీ ఇదే. కానీ ఈ లెక్క సముద్రమట్టంలో 15 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రతకు వేసినది.

ఇదే విమానాన్ని మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఊహించుకోండి. నగరం సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉంది, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. అక్కడ గాలి సాంద్రత ప్రామాణిక విలువకన్నా సుమారు 14 శాతం తక్కువ. విమానం తాను 1,500 మీటర్ల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. పల్చటి గాలిలో ఇంజన్ శక్తి కూడా సుమారు అంతే తగ్గి, ఉపయోగపడే శక్తి 39 కిలోవాట్లవుతుంది. పల్చటి గాలిలో అదే బరువు మోయాలంటే ఎక్కువ వేగంగా పోవాలి గనుక సమాంతరంగా నడవడానికి 29 కిలోవాట్లు కావాలి. మిగులు 10 కిలోవాట్లే. ఎక్కే రేటు సెకనుకు 2.2 మీటర్లు, నిమిషానికి సుమారు 440 అడుగులు. గాలి తగ్గింది 14 శాతం, ఎక్కే రేటు మాత్రం దాదాపు సగమైంది! విమానంలో ఏ లోపమూ లేకుండానే ఇలా జరిగింది. జీతంలో చిన్న కోత పడితే ఇంటి ఖర్చులు పోగా మిగిలే పొదుపు సగానికి పడిపోయినట్టన్నమాట.

నాలుగో ప్రశ్న: శక్తి ఎక్కడ పోతోంది? ముందుగా ప్రొపెల్లర్ చూడాలి. ప్రొపెల్లర్ రెక్కల మెలికను సైకిలు గేరుతో పోల్చవచ్చు. మెలిక ఎక్కువైతే పెద్ద గేరులో మిట్ట ఎక్కినట్టే. ఇంజన్ తన పూర్తి చుట్లు తిరగలేదు, పూర్తి శక్తి ఇవ్వలేదు. మెలిక తక్కువైతే ఎక్కడం బాగుంటుంది గానీ సాఫీ ప్రయాణంలో ఇంజన్ చుట్లు హద్దు దాటుతాయి. తరువాత గాలి నిరోధం, అంటే డ్రాగ్. ఇంజన్ చల్లబడేందుకు లోపలికి వచ్చే గాలి సందుల్లోంచి కారిపోతోందా? రెండు రెక్కలూ ఒకే కోణంలో ఉన్నాయా? విమానం తెలియకుండా కాస్త పక్కవాటుగా పోతోందా? వీటిని పట్టుకోవడానికి ఒక చవకైన ఉపాయం ఉంది. రెక్కమీద చిన్న చిన్న ఊలు దారపు ముక్కలు అంటించి, ఎగిరేటప్పుడు ఫోటోలు తీస్తారు. గాలి సాఫీగా పారే చోట దారాలు తిన్నగా పడుకుంటాయి, చెదిరిన చోట గిలగిల కొట్టుకుంటాయి. ఎక్కువ వేగాల దగ్గర డ్రాగును అధిగమించే శక్తి సుమారుగా వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 10 శాతం పెరగాలంటే శక్తి 33 శాతం పెరగాలి. అందుకే పెద్ద ఇంజనుకన్నా మూసిన సందు మేలు.

ఈ నాలుగు ప్రశ్నల వెనుక ఒక నియమం ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్రొపెల్లరూ మార్చి, సందులూ మూసి, బరువూ తగ్గించి ఎగిరితే ఫలితం మెరుగుపడవచ్చు, కానీ దేనివల్ల మెరుగుపడిందో ఎప్పటికీ తెలియదు. అదే బరువుతో, అదే చల్లటి ఉదయపు గాలిలో, ఒక్క మార్పుతో ఎగరాలి. ప్రతి అంకెనూ పుస్తకంలో రాసుకోవాలి. అమెరికాలో ఇంట్లో కట్టిన విమానానికి ప్రయాణికులను ఎక్కించే ముందు పరీక్షాదశ తప్పనిసరి. సాధారణంగా 25 లేదా 40 గంటలపాటు నిర్ణీత ప్రాంతంలోనే ఎగరాలని విధించడం అక్కడి ఆనవాయితీగా వచ్చింది. ఆ గంటలు ఇలాంటి కొలతలకే.

విద్యార్థులారా, మీలో చాలామంది విమానం కట్టకపోవచ్చు. కానీ మీరందరూ ప్రయోగశాలకు వెళతారు. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 980కి బదులు 930 వస్తే ఏం చేస్తారు? పుస్తకంలోని జవాబుకు సరిపోయేలా రీడింగులు దిద్ది, రికార్డు శుభ్రంగా రాసి, సంతకం చేయించుకోవడం మన కళాశాలల్లో కొత్త విషయం కాదు. మార్కులు వస్తాయి గనుక అది తప్పనిపించదు. రైట్ సోదరులు కూడా తమ రీడింగులను లిలియంతాల్ పట్టికకు సరిపోయేలా దిద్దుకోగలిగేవారే. అయితే దిద్దిన అంకెలు కాగితం మీద నిలుస్తాయి, గాలిలో నిలవవు. మీకు వచ్చిన 930 మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతోంది. దారం పొడవును గుండు పైభాగం వరకే కొలిచారా, మధ్య వరకా? డోలనాలను ఒకటి తక్కువ లెక్కపెట్టారా? ఆ ప్రశ్నకు జవాబు వెతికితే రెండు మార్కులు పోవచ్చు, కానీ మీ చేతికి పరీక్షించడం వస్తుంది.

చివరగా ఇంటి దగ్గర చేసుకోదగ్గ చిన్న ప్రయోగం చెబుతాను. మందపాటి కాగితంతో ఒక గ్లైడరు చేయండి. గాలి లేని వరండాలో, ఒకే ఎత్తు నుంచి, ఒకే తీరున పదిసార్లు వదిలి, పోయిన దూరాలు రాసి సగటు కట్టండి. తరువాత ముక్కుకు ఒక క్లిప్పు పెట్టి మళ్లీ పదిసార్లు. క్లిప్పును కాస్త వెనక్కు జరిపి మరో పదిసార్లు. ఆపైన క్లిప్పును కదల్చకుండా రెక్క కొసలు మాత్రమే మడిచి మరో పదిసార్లు. ఏ మార్పు ఎంత తేడా తెచ్చిందో పట్టిక వేయండి. మీరు ముందుగా అనుకున్నదానికీ పట్టిక చెప్పినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఎర్ర సిరాతో గీత గీయండి. ఆ తేడాకు కారణమేమిటో మీ ఉపాధ్యాయులతో చర్చించండి.